చెరుకు మిషన్లో అచ్చేసిన చెయ్యి

మగ్గాలు ఆగినాక షెడ్డులో
మొదట వినపడింది పావురాల గుడగుడ.
దానికి ముందు ఇరవై ఆరేండ్లు
నాకు తెలిసింది ఒకటే మాట, టకటకా టకటకా.
ఏకాంబరకుప్పంలో మేము
నోటితో మాట్లాడేది ఇంటికి పోయినాకే.
షెడ్డులో అంతా చేతులే.
రెండు వేళ్ళు తిప్పితే కండె అయిపోయిందని,
గడ్డం తడిమితే ఓనరు వస్తా ఉండాడని.

ఇందుమతి అనే పిల్ల వచ్చింది, బొబ్బిలి పక్క.
నలభై రోజులు ఈడ్నే ఉంటానంది,
మీతో కలిసి బొమ్మలు చేస్తానంది.
మాతో కలిసి ఎవురూ ఏమీ చేసింది లేదు,
లెక్కలు రాసుకోని పోయినోళ్ళే గానీ.
చాపేసినాం. సంగటి పెట్టినాం.
రెండోరోజు ఊరిబిండి కారానికి ఏడ్చింది,
మూడోరోజు ఇంకొంచెం అడిగింది.

ఆమె వెంట ఏకోజీ తాత,
మేకతోలు దీపానికి ఎత్తిపట్టి
లోపల ఎవురు దాక్కోనుండారో చెప్పే మనిషి.
"రాముడూ రావణుడూ పెట్టెలో పడుకోనీ,
మీ కాడ ఎవురుండారో వాళ్ళని కోద్దాం" అనినాడు.
నూలు సేటును కోసినాం,
కడుపుకొక కీలు, నవ్వుకొక కీలు.
ఆడించేది నేర్పుదామని లేచిన తాత
మా చేతులు చూస్తా
మళ్ళీ కూర్చున్నాడు.

అచ్చు మిషను మద్రాసులో ఉందంట, లక్షలంట.
బస్టాండు కాడ చెరుకురసం చెంగల్రాయుడు
పొద్దు గుంకినాక బండి తోసుకోనొచ్చినాడు.
రోలర్ల నడమ పలక, పలక మీద సిరా,
సిరా మీద అమ్ముడుపోని లుంగీ గుడ్డ.
గజ్జెలు మోగినాయి.
తెల్లారేపాటికి తొలి అచ్చుకు చీమలు పట్టినాయి.
"బొమ్మ బాగా కుదిరినట్టుండాదే" అనింది దేశమ్మ.

పేర్లు చెక్కే దినం
బడికి పోయినోళ్ళం అంతా తప్పినాం.
అక్షరం తిరగేసి తవ్వాలంట,
మా చెయ్యి తెలిసిన దారినే పోతాది.
దేశమ్మకు అక్షరం రాదు.
అద్దంలో ఉండే గీతను గీత మాదిరే తవ్వింది.
షెడ్డు మొత్తానికి సరిగా పడిన పేరు ఆమెదే.
చదవమని నా కాడికే తెచ్చింది.
చదివినాను.
మళ్ళీ చదవమనింది.

మొగిలప్ప మూడు వారాలు పలక ముట్టలా.
గడప మీద బీడీ, బీడీ వెనక బీడీ.
ఆయన కుడిచేతి చూపుడువేలు
నాలుగో నంబరు మగ్గం తీసుకోనింది, పదేండ్లయింది.
పుత్తూరు కట్టుకు తీసకపోతే
"విరిగింది కడతాం, పోయింది యాడ తెచ్చేది" అనినారు.
ఒక మధ్యాన్నం ఎవురూ అడక్కుండానే
పలక మీద కుడిచెయ్యి పరిచి
చుట్టూ పెన్సిలు గీసుకున్నాడు.
ఎడమచేత్తో నాలుగు దినాలు చెక్కినాడు.

రోలర్లు తిరిగినాయి. గుడ్డ లేపినాం.
నాలుగే వేళ్ళు.
బొటనవేలు మాత్రం అవతలి పక్కకు పోయుండాది,
చెయ్యి ఎడమదైపోయుండాది.
మొగిలప్ప చానాసేపు చూసినాడు.
"అయితే
నా కుడిచేతికి ఏమీ కాలా."
ఎవురూ నవ్వలా.
ఇందుమతి సిరా గుడ్డ మడిచింది,
విప్పింది, మళ్ళీ మడిచింది.

కడాకు నలభయ్యో రాత్రి
నాలుగు పంచెలు కుట్టి తెర కట్టినాం.
సేటు బొమ్మ వచ్చే పాటికి కరెంటు పోయింది.
పిలకాయలు సెల్లుఫోన్లు ఎత్తిపట్టినారు,
ఒక్క సేటుకు ఇరవై నీడలు.
వెనక కుర్చీలో మా ఓనరు
నవ్వతా నవ్వతా లేచి
ఏదో పనుండేటోడి మాదిర బైటికి పోయినాడు.
తెర మీద నా బొమ్మ
మెల్లిగా గడ్డం తడిమింది.
షెడ్డంతా ఉలిక్కిపడి నిటారుగా కూర్చుని
ఆమీట పగలబడింది.

ఆడిమాసంలో మగ్గాలు మళ్ళా మొదలైనాయి,
ముప్పాతిక కూలికి.
మొగిలప్ప అచ్చు నాలుగో నంబరు పైన గోడకుండాది,
నూలు దుమ్ము పట్టి.
చెంగల్రాయుడి రోలరు అంచున
సన్నగా ఒక నల్లగీత, ఎంత కడిగినా పోలేదంట.
రసం తాగేటోళ్ళు
ఇంతవరకూ ఎవురూ అడగలా.